దేవేంద్రప్పకు పంతొమ్మిదేళ్లప్పుడు

నాకు మనుషుల ముఖాల కన్నా వీపులు బాగా గుర్తుంటాయి. పద్దెనిమిదేళ్లుగా హాకీలో గోలు కాసినవాడికి వీపులు కాక ఇంకేం గుర్తుంటాయి. ముందర ఇద్దరు బ్యాకులు నిలబడతారు. చెమటకు చొక్కా ఎక్కడ అంటుకుంటుందో, భయమేసినప్పుడు ఏ భుజం ముందుగా పైకి లేస్తుందో, అలసట మొదట మెడ మీదికి వస్తుందో నడుములోకి దిగుతుందో నాకు తెలిసినట్టు వాళ్ల పెళ్లాలకు కూడా తెలియదు. ఇప్పుడు ఈ బస్సులో కూడా నా ముందు సీట్లో ఏసురాజు వీపే ఉంది. పంతొమ్మిదేళ్ల వీపు, చొక్కా లోపల రెండు రెక్కల ఎముకలూ కనబడుతున్నాయి, బస్సు గుంతలో పడ్డప్పుడల్లా అవి కదులుతున్నాయి. మైదుకూరు దాటి పావుగంటయింది. ఇంకో ముప్పావుగంటలో కడప. మైదుకూరులో టీ తాగేటప్పుడు లక్ష్మీనరసయ్య శెట్టిగారు నన్ను పక్కకు పిలిచారు. ఆయనకు కర్నూల్లో బట్టల కొట్టుంది, జిల్లా జట్టుకు కార్యదర్శి కూడా ఆయనే, మా బస్సు చార్జీలూ బూట్లూ ఆయన చలవే. "ఓబన్నా, కడపలో దిగంగానే పదకొండు పేర్లు రాసియ్యల్ల. పదిమంది ఖాయం. ఎడం పక్క బ్యాకు ఒక్కటే తేలలే. దేవేంద్రప్పనా, ఈ ఏసురాజా? ఇద్దరి ఎనకాలా నిలబడినోడివి నువ్వే గద. బస్సు దిగేలోపల ఆలోచించి చెప్పు," అన్నారు. చెప్తాలే అన్నాను. అనడానికేం, నోరుంది.

ఇద్దరిలో ఒకడు నా ముందు, ఇంకొకడు నా భుజం మీద. దేవేంద్రప్ప నంద్యాల దాటగానే నిద్రపోయాడు, తల నా మీదికి వాల్చాడు, మైదుకూరులో టీకి కూడా లేవలేదు. బరువైన తల. నెత్తి నడిమిన వెంట్రుకలు పలచబడ్డాయి, నుదుటి మీద పాత కుట్ల మచ్చ తెల్లగా మెరుస్తోంది. ఆలూరు పక్క పల్లె నుంచి వచ్చినవాడు, నా ఈడువాడే, నాకన్నా నాలుగు నెలలు పెద్ద. ఆ నాలుగు నెలల పెద్దరికం మాత్రం ఒక్కరోజూ వదలలేదు. హాకీ వల్లనే వాడికి హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు పని దొరికింది, హాకీ వల్లనే నాకు సర్కారు ఆఫీసులో బంట్రోతు పని దొరికింది, మా ఇద్దరి పొయ్యిలూ ఆ కర్రతోనే వెలుగుతున్నాయని వాడి భార్య ఈరక్క నవ్వుతుంది. జిల్లాలో హాకీ తెలిసినవాళ్లు ఎవరైనా సరే, దేవేంద్రప్ప పేరు చెబితే కుర్చీలో కొంచెం సర్దుకుని కూర్చుంటారు. ఆయన ముందర నుంచి బంతి పోదు అంటారు. అది నిజమే, ఒకప్పటి నిజం. కిటికీలోంచి వేడిగాలి వస్తోంది, మార్చి నెలే, అయినా ఈ దోవలో మార్చికీ మే నెలకీ పెద్ద తేడా ఏముంటుంది. కొర్రలు కోసేసిన చేలు, నల్లరాతి గుట్టలు, మళ్లీ చేలు. నా కళ్లు కూడా మూతలు పడుతున్నాయి, మూతలు పడితే వీపులు కనిపిస్తున్నాయి.

కడప పోతున్నామంటే నాకు పంతొమ్మిది వందల ముప్పయ్యేడు గుర్తొస్తుంది. వద్దన్నా వస్తుంది. అప్పుడు దేవేంద్రప్పకు పంతొమ్మిదేళ్లు. ఆ దేవేంద్రప్పను ఇప్పుడు ఎవరూ ఒప్పుకోరు, అసలు అట్లాంటివాడొకడు ఉన్నాడని కూడా నమ్మరు. బంతి కనబడితే చాలు కర్ర ఎత్తేవాడు. సగం సార్లు బంతిని కొట్టేవాడు, సగం సార్లు నేలను కొట్టేవాడు, మట్టి లేచి నా కళ్లల్లో పడేది. ఆ ఏడు మూడు కర్రలు విరగ్గొట్టాడు. కడపలో ఆ మ్యాచిలో అయిదు గోల్సు తిన్నాం. అయిదింటిలో నాలుగు వీడి పక్కనుంచే వచ్చాయి. ఫార్వర్డు ఎవడైనా భుజం ఇట్లా వంచి చూపిస్తే చాలు వీడు అటే పోయేవాడు, బంతి ఇటు పోయేది, ఇక నేనూ ఆ బంతీ. ఆట అయిపోయాక గోలు కొయ్యల వెనకాల కూర్చుని మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు, నేను ఇంగ ఆడను ఓబన్నా, మా నాయనతో పాటు శెనక్కాయలు పెరుక్కుంటా అన్నాడు. నాకప్పుడు జాలేం కలగలేదు, కోపమొచ్చింది, ఏడిస్తే ఆలూరు పోయి ఏడువు, ఈడ కాదు అన్నాను. అప్పటి కార్యదర్శి అడిగితే మాత్రం, వెలుగు నా ముఖాన కొడుతుండె సార్, నేనే చూసుకోలేదు అన్నాను. ఎందుకన్నానో. వాడి వీపు నచ్చి ఉంటుంది. ఓడిపోతున్నా ఆ వీపు ఒక్కసారీ పక్కకు తప్పుకోలేదు. వాడు బంతి కోసం ఆగడం నేర్చుకునేసరికి మూడో ఏడు వచ్చింది, ఫార్వర్డు కాలు చూడాలి, భుజం చూడకూడదని తెలిసేసరికి అయిదో ఏడు. అయిదేళ్లు. ఈ అయిదేళ్లు ఎవరికీ గుర్తులేవు. వాళ్లకు దేవేంద్రప్ప పుట్టుకతోనే దేవేంద్రప్ప.

ఏసురాజుకు ఆ అయిదేళ్లు ఇచ్చేవాళ్లు లేరు. జట్టులోకి వచ్చి పద్నాలుగు నెలలయింది. మిషను హాస్టల్లో పెరిగినవాడు, అక్కడి పంతులు ఒకాయన తుమ్మకొమ్మ వంచి కర్ర చేసిచ్చి ఆడించాడు, మొన్నమొన్నటిదాకా వాడికి కొన్న కర్రే లేదు. తండ్రి లేడు. తల్లి రోడ్డు పనుల్లో కంకర కొడుతుంది. కర్నూలు రాజధాని అయ్యాక కొత్త రోడ్లు పడుతున్నాయి కాబట్టి ఆమెకు పని దొరుకుతోంది. ఆమె చేతులు ఒకసారి చూశాను, ఆటకు వచ్చి గట్టు మీద కూర్చుంది, నాకు నమస్కారం పెట్టింది, అరచేతులు రెండూ ఒకదానికొకటి సరిగ్గా అతకలేదు, అంత కాయలు కాసి ఉన్నాయి. వాడి ఆట చూసి మొదటి నెలలోనే నాకు ఒళ్లు జల్లుమంది. ఆగుతాడు. దేవేంద్రప్పకు మూడేళ్లు పట్టిన ఆగడం వీడికి జట్టులోకి రాకముందే వచ్చింది. ఫార్వర్డు మీదికి వస్తుంటే వీడు వెనక్కి వెనక్కి నడుస్తాడు, తొందరేమీ లేనట్టు, దోవలో ఎవరో పెద్దమనిషి ఎదురైతే పక్కకు జరిగినట్టు, ఆఖరున కర్ర మెల్లగా పెడతాడు, బంతి వాడి దగ్గరికి తానే వచ్చి ఆగుతుంది. కొట్టడం మాత్రం రాదు. కొడితే ముప్పై గజాలు పోదు. దేవేంద్రప్ప ఆ వయసులో ఒక్క దెబ్బకు ఎనభై గజాలు పంపేవాడు, ఎటు పోతుందో వాడికే తెలియదు, అది వేరే మాట. గట్టు మీద కూర్చున్న పెద్దమనుషులు ఇవేవీ చూడరు. బంతి పోతే చాలు, దేవేంద్రప్పయితే వదిలేవాడా అంటారు. ఏ దేవేంద్రప్ప, ఆట పండిన ముప్పయ్యేళ్లప్పటి దేవేంద్రప్ప. పంతొమ్మిదేళ్లవాడి పక్కన ముప్పయ్యేళ్లవాణ్ని నిలబెట్టి కొలిచే న్యాయం ఎక్కడిది. ఏడేళ్ల పిల్లను తెచ్చి వాళ్లమ్మ పక్కన నిలబెట్టి పొట్టిదని తిట్టినట్టుంది.

రేపటి ఈ జిల్లాల పోటీ చూడ్డానికి పోలీసు జట్టుకు మనుషుల్ని ఏరే అధికారి ఒకాయన కడపకు వస్తున్నాడు. నచ్చినవాణ్ని జట్టులోకీ, దాంతో పాటు కానిస్టేబులు పనిలోకీ తీసుకుంటాడు. వచ్చే ఏడు ఈ పోటీ ఉంటుందో ఉండదో, రాజధాని కర్నూలు నుంచి పోతుందని అప్పుడే చెప్పుకుంటున్నారు. కాబట్టి ఏసురాజు రేపు ఆడితే ఆడినట్టు, లేకపోతే వాడూ తల్లి పక్కన కూర్చుని సుత్తి పట్టుకోవలసినవాడే. వాడికది తెలుసు. అందుకే నిద్రపోకుండా కిటికీ బయటికి చూస్తున్నాడు. మెడ మీద సన్నగా చెమట. ఇదంతా తెలిసి కూడా నేను శెట్టిగారికి అప్పుడే ఎందుకు చెప్పలేదు. చెప్తాలే అని ఎందుకన్నాను. గ్లాసులో టీ చల్లారేదాకా పట్టుకుని ఎందుకు నిలబడ్డాను.

ఖాజీపేట వచ్చింది. ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు, బుట్టలో కోళ్లు. దేవేంద్రప్ప కళ్లు తెరవలేదు, తల మాత్రం సర్దుకున్నాడు. మేము ఆటలో వాడే మాటలు రెండు ఉన్నాయి, అవి హాకీ మాటలు కావు, అరక తోలేటప్పుడు ఎద్దులకు చెప్పే మాటలు. కాడికి ఎడంపక్క కట్టేది దాపటెద్దు, కుడిపక్కది ఎలపటెద్దు. ముప్పయ్యెనిమిదిలోనో తొమ్మిదిలోనో, లెఫ్టు రైటు అని అరిస్తే దేవేంద్రప్ప తికమకపడి రెండు పక్కలా చూసేవాడు, నాకు విసుగుపుట్టి ఒకరోజు దాపట అని అరిచాను, వాడు ఎడమకు ఇట్టే తిరిగాడు. చిన్నప్పటి నుంచి నాగలి వెనక నడిచినవాడికి ఆ మాట చెవిలోంచి నేరుగా కాళ్లలోకి పోతుంది, మధ్యలో తల ఎక్కడా అడ్డం రాదు. అప్పటి నుంచి అదే వాడుక. మద్రాసు జట్లవాళ్లు విని నవ్వేవాళ్లు, ఏంరా ఎద్దులతో ఆడుతున్నారా అనేవాళ్లు, ఆడుతున్నాంలే, నువ్వు దాటి చూడు అనేవాణ్ని. మా కుడిపక్క బ్యాకు కర్నూలు పేటలో పుట్టినవాడు, నేను ఎంత అరిచినా వినడు, తన కంటికి తోచిందే చేస్తాడు. ఏసురాజు అట్లా కాదు. హాస్టలుకు పోకముందు పదేళ్లు వచ్చేదాకా వాడు ఓర్వకల్లు దగ్గర ఒక రెడ్డి చేలో అరకల వెంట తిరిగాడు. నేను దాపట అంటే చాలు, వాడి కాలు కదిలిపోతుంది. ఎంత బాగా వింటాడీ పిల్లవాడు అని నేను మురిసిపోయాను కూడా.

మురిసిపోయాను. ఈ మాట దగ్గర నా మనసు ఆగుతోంది, బస్సు మాత్రం ఆగడం లేదు. రాళ్లు కనబడుతున్నాయి. రోడ్డు పక్క రాళ్లు కాదు, మా మైదానంలో రాళ్లు. మా నేలలో గడ్డి ఎక్కడ మొలుస్తుంది, ఆట ముందర పదకొండు మందీ ఒక వరసగా నిలబడి, ఒకరికొకరు రెండు బారల దూరంలో, ఆ కొస నుంచి ఈ కొసకు వంగి నడుస్తూ రాళ్లేరి చొక్కా ఒడిలో వేసుకుంటాం. ఎవరి సాలు వాళ్లది. రాయి మిగిలితే బంతి ఎగిరి ముఖాన తగులుతుంది, దేవేంద్రప్ప నుదుటి మీది కుట్లు అట్లా వచ్చినవే. రెండేళ్ల కిందట ఒక సాయంత్రం వాడి పక్క సాలు నాది. ఆ కొసకు పోయి వెనక్కి తిరిగి చూశాను. వాడి సాలులో కుడిపక్క అంతా శుభ్రంగా ఉంది. ఎడంపక్క రాళ్లన్నీ అట్లాగే ఉన్నాయి. చిన్నవి కాదు, నిమ్మకాయంతవి, ఎండలో తెల్లగా మెరుస్తున్నవి. రాళ్లేరని చేలో పుట్టినవాడు కాదు వాడు, ఏడాదికోసారి చేనంతా ఏరి గట్టు వేసేవాళ్ల ఇంటివాడు. వెనక్కి నడిచి ఆ రాళ్లు నేనే ఏరాను. వాడు చూశాడో లేదో, ఎట్లా చూస్తాడు, నేను వాడి ఎడంపక్కనే కదా ఉన్నాను.

వాడి ఎడమ కన్ను గురించి మేము ఒక్కమాట మాట్లాడుకోలేదు. రెండేళ్లు. మగవాళ్లం, ఏం మాట్లాడుకుంటాం. కన్ను లేనివాడికి డ్రిల్లు మాస్టరు పనేమిటని అడిగేవాళ్లు రేపే వస్తారు, వాడికి నలుగురు పిల్లలు, వాడు చెప్పడు, నేను అడగను. అరవడం మాత్రం పెంచాను. బంతి ఎడమకు పోయాక అరిస్తే వాడికి ఆలస్యమవుతుంది కాబట్టి, పోకముందే, ఇంకా ఎదటివాడి కర్రకే అంటుకుని ఉన్నప్పుడే, వాడి కాలు ఎటు ఒరుగుతోందో పసిగట్టి దాపట అని అరిచేవాణ్ని. ఒక్కోసారి నా అంచనా తప్పేది. తప్పినా దేవేంద్రప్పకు నష్టం లేదు, మాట వినగానే బరువు అటు వేస్తాడు గాని కాలు పూర్తిగా ఎత్తడు, పద్దెనిమిదేళ్ల అనుభవం, ఆఖరి క్షణంలో సర్దుకుంటాడు. ఎవరికీ అనుమానం రాలేదు. ఓబన్నకు ఈ మధ్య నోరెక్కువైంది అన్నారు, అంతే. నేను గోలు కాస్తున్నానా, ఒక మనిషి కన్ను కాస్తున్నానా అని అప్పుడప్పుడూ నాకే నవ్వొచ్చేది. నవ్వు కాదులే అది. గర్వం. ఆయన ముందర నుంచి బంతి పోదు అని జనం అంటుంటే, ఆ మాటలో సగం నాదని ఎవరికీ తెలియకుండా మనసులో దాచుకునేవాణ్ని.

ఎండ తెల్లగా ఉంది. రోడ్డు చివర నీళ్లు నిలిచినట్టు కనబడి, దగ్గరికి పోతే లేకుండా పోతోంది. కళ్లు మూస్తే మైదానం, గట్లు లేవు, గోలు కొయ్యలు లేవు, అంతా ఒకటే ఎర్రనేల, నా ముందర ఒక వీపు. ఎవరిదో తెలియడం లేదు. భుజాలు దేవేంద్రప్పవి, రెక్కల ఎముకలు ఏసురాజువి, చొక్కా పంతొమ్మిది వందల నలభైలో మా జట్టు చొక్కా. ఎదురుగా ఎవడో వస్తున్నాడు, ముఖం లేదు, నాకెట్లాగూ ముఖాలు గుర్తుండవు. నేను దాపట అని అరుస్తున్నాను. ఆ వీపు నా మాట విని కదిలింది, పాపం, ఎంత తొందరగా కదిలింది, పూర్తిగా, అనుమానమే లేకుండా, కాలెత్తి అటు వేసింది. ఎదటివాడు నవ్వి ఇటు తిరిగాడు. నిన్న కూడా ఇట్లాగే జరిగింది. నిన్నటి ప్రాక్టీసులో ఏసురాజు నాలుగుసార్లు మోసపోయాడు, శెట్టిగారు గట్టు మీద నుంచి చూశారు, పిల్లగానికి ఇంకా నిలకడ రాలేదప్పా అన్నారు, నేను కూడా రాలేదులే అన్నట్టు తలాడించాను. ఆట అయ్యాక వాడు నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కోపం లేదు, నిలదీయడం కూడా కాదు, నేర్చుకోవడానికి వచ్చినట్టు వచ్చాడు. "అన్నా, మీరు చెప్పిన పక్కకే పోయినా గద. యాడ తప్పు చేస్తాండానో చెప్పండన్నా," అన్నాడు. నీళ్లు తాగిపో, రేపు మాట్లాడదాం అన్నాను.

వాడు ఎక్కడా తప్పు చేయడం లేదు. నాలుగూ నావి. దేవేంద్రప్ప కన్ను కోసం అలవాటైన నోరు, వీడి వెనకా అట్లాగే ముందుగా అరుస్తోంది. వీడికి రెండు కళ్లూ ఉన్నాయి, వదిలేస్తే వీడే చూసుకుంటాడు, ఆగుతాడు, నేనే ఆగనివ్వడం లేదు. వినడం మానేస్తే వీడు గెలుస్తాడు. వినే పిల్లవాడు కాబట్టి ఓడిపోతున్నాడు. నిన్న రాత్రే నాకిది తెలిసింది, కాదు, తెలిసిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఏసురాజు వీపు కేసి చూడలేకపోతున్నాను. మరి ఈ మాట శెట్టిగారికి చెప్పాలి. చెబితే ఆయన మొదట అడిగేదేమిటి. ఎందుకు ముందుగా అరుస్తున్నావని. దానికి నిజం చెబితే నా భుజం మీది ఈ తల ఏమవుతుంది. చెప్పకపోతే ముందున్న ఆ మెడ ఏమవుతుంది. దేవేంద్రప్ప పేరే చెప్పేద్దామా, రేపొక్కరోజు నేను అరుస్తాను, వాడు ఆడతాడు, పరువుగా ఆఖరి ఆట ఆడి ఇంటికి పోతాడు. పోతాడా. వచ్చే ఏడు కూడా నేనే ఉంటానుగా అరవడానికి అనుకుంటాడు. నేనూ అదే అనుకుంటాను. పెన్న వచ్చింది. ఇసుక, ఇసుక, నడిమిన సన్నటి నీటిపాయలో గేదెలు. చెన్నూరు దాటింది. నాకు భయమేస్తోంది. బంతి మీదికి వస్తుంటే పద్దెనిమిదేళ్లలో ఒక్కరోజూ వేయని భయం.

బస్సు ఆగింది. దేవేంద్రప్ప లేచాడు, కళ్లు నులుముకున్నాడు, ఏమప్పా వచ్చేసిందా అన్నాడు. కర్రల కట్ట దించారు, ట్రంకులు దించారు. పోటీ నడిపేవాళ్లు ఇద్దరు గొడుగులు వేసుకుని నిలబడి ఉన్నారు, శెట్టిగారు ట్రంకు మీద కాగితం పెట్టుకుని పెన్ను మూత తీసి నా వైపు చూశారు. జట్టంతా చుట్టూ ఉంది. నన్ను ఒక్కణ్నే పక్కకు పిలుస్తారనుకున్నాను, పిలవలేదు.

"ఏమప్పా ఓబన్నా, ఎవరి పేరు రాయల్ల?"

"ఏసురాజు పేరు రాయండి శెట్టిగారూ."

"నిన్న నాలుగు తూర్లు మోసపోయినోని పేరా?"

"ఆ నాలుగూ వాని తప్పులు గావు. నావి. బంతి కదలకముందే నేను అరుస్తాండా. వాడు నా మాట నమ్మి పోతాండాడు."

"పద్దెనిమిదేండ్ల గోలీవి, ఎందుకట్ల అరుస్తాండావు?"

దేవేంద్రప్ప కర్రల కట్టకు తాడు బిగిస్తున్నాడు. చేతులు ఆగాయి. నాకు వాడి ముఖం కనబడలేదు, వీపే కనబడింది, ఎడమ భుజం కొంచెం పైకి లేచింది.

"బంతి నా కంటికి సరిగ్గా ఆనడంలే శెట్టిగారూ. రెండేండ్లాయె. అంచనా మీద అరుస్తాండా. మీకు చెప్తే గోల్లోంచి తీసేస్తారని చెప్పలే."

శెట్టిగారు నన్ను పైనుంచి కిందికి చూశారు. మంచి మనిషి, కోపం రాలేదు, అదే కష్టమైంది నాకు. "ఇంత పని చేసినావే ఓబన్నా. సరే, గోల్లో తిమ్మన్న నిలబడ్తాడు," అన్నారు. రాశారు. మా రెండో గోలీ, ఇరవై రెండేళ్ల తిమ్మన్న, వెనకాల నుంచి ముందుకు జరిగాడు. అంతవరకూ నేను అనుకున్నట్టే ఉంది. తర్వాత ఆయన పెన్ను ఎత్తి అన్నారు. "గోలీ కొత్తోడాయె. ముందర బ్యాకు కూడా కొత్తోడైతే ఎట్లప్పా. పాతోడే ఉండల్ల. దేవేంద్రప్పా, ఎడం బ్యాకు నువ్వే."

ఇది నాకు తట్టలేదు. బస్సులో ముప్పావుగంట అన్నీ ఆలోచించినవాణ్ని, ఈ ఒక్కటీ ఆలోచించలేదు. తిమ్మన్న అరవడు. తిమ్మన్నకు ఏమీ తెలియదు. వేలమంది ముందు, ఆ అధికారి ముందు, దేవేంద్రప్ప ఎడంపక్క నుంచి బంతులు పోతూనే ఉంటాయి, వాడు నిలబడి ఉంటాడు. ఏసురాజు తల దించుకున్నాడు. ఆ పిల్లవాడికి ఏడవడం కూడా రాదనుకుంటాను, బూటు ముక్కుతో మట్టి గీస్తూ నిలబడ్డాడు.

దేవేంద్రప్ప తాడు ముడి వేసి లేచి నిలబడ్డాడు. "నా పేరు రాయొద్దు శెట్టిగారూ," అన్నాడు. "గోల్లో ఓబన్న లేకుంటే నేనాడను."

"ఇదేం మొండితనమప్పా? జిల్లా పరువు ముఖ్యమా, నీ దోస్తు ముఖ్యమా?"

"ఏమన్నా అనుకోండి. వాడు లేకుంటే నేనాడను."

శెట్టిగారు ఇంకా ఏదో అనబోయి, గొడుగులవాళ్లు తొందరపెడుతుంటే విసుక్కుంటూ కాగితం మీద వంగారు. ఏసురాజు అని రాశారు. ఏం దోస్తీ అప్పా మీది అని ఎవరో అన్నారు, రామలక్ష్మణులు అని ఇంకెవరో అన్నారు, కుడిపక్క బ్యాకు కళ్లు తుడుచుకున్నాడు కూడా, ఎప్పుడూ నా మాట వినని వెధవ. అందరూ అది స్నేహం అనుకున్నారు. స్నేహం కాదని నేను ఎట్లా చెప్పను, అవునని మాత్రం ఎట్లా చెప్పను. ఏసురాజు మా దగ్గరికి వచ్చి, అన్నా, నా వల్ల మీ ఇద్దరూ, అని మొదలుపెట్టాడు. దేవేంద్రప్ప వాణ్ని మాట పూర్తి చేయనివ్వలేదు. తన కర్ర తీసి వాడి చేతిలో పెట్టాడు. "ఎనకాల ఎవడేం అరిచినా రేపు చెవిన పెట్టొద్దు. నీ కంటితో సూసినాకనే కాలు కదుపు," అన్నాడు.

జట్టు బస చేసే సత్రం దాకా నడక. మిగతావాళ్లు ముందు పోయారు, మేమిద్దరం వెనక. నాకు దుఃఖం ఆగడం లేదు, పద్దెనిమిదేళ్ల గోలు బస్టాండులో ఒక్క అబద్ధంతో పోయింది, పోగొట్టింది నేనే, అయినా ఆగడం లేదు. వాడు నాకు కుడిపక్కన నడుస్తున్నాడు. తర్వాత ఎడమచేత్తో నా మోచేయి పట్టుకున్నాడు. ఎప్పుడూ పట్టుకోలేదు.

"రేపు ఆటకాడ నా దాపట కూర్చోప్పా. వాడెట్ల ఆడ్తాండాడో చెప్పల్ల నాకు."

చెప్తాలే అన్నాను.